ఎమ్మెస్‌కి మందు వాడుతుంటే చర్మం మీద ఇంకో ఆటోఇమ్యూన్ జబ్బు ఎందుకొస్తుంది?

క్లుప్తంగా

మల్టిపుల్ స్క్లెరోసిస్, అదే ఎమ్మెస్, మందులు వాడేవాళ్ళకి చర్మం మీద వచ్చేదంతా ఒకటే కాదు. సూది గుచ్చిన చోట వచ్చే ఎరుపు, వాపు ఒక రకం. మందు పడక వచ్చే అలర్జీ ఇంకో రకం. సోరియాసిస్, బొల్లి, పేనుకొరుకుడు, లూపస్ ర్యాష్ లాంటి ఆటోఇమ్యూన్ సమస్యలు, అంటే ఒంట్లోని రక్షణ కణాలు సొంత ఒంటి మీదే దాడి చేస్తే వచ్చేవి, మూడో రకం. మూడోది మిగతా రెండిటి కంటే అరుదు, ఆలస్యంగా మొదలవుతుంది, అందుకే మందుతో ముడిపెట్టి చూసేవాళ్ళు తక్కువ. ఇమ్యూనిటీ తగ్గిపోవడం వల్ల వచ్చేది కాదు ఇది, ఇమ్యూన్ వ్యవస్థలో తూకం ఒక పక్కకి ఒరగడం వల్ల వస్తుంది. చర్మం మీద ఏదో కనపడింది కదా అని ఎమ్మెస్ మందు సొంతంగా ఆపేస్తే కొన్ని మందుల విషయంలో అసలు జబ్బే గట్టిగా తిరగబడుతుంది.

రొయ్యలు, వేడి, చెమట... మందు సంగతి చివర్లో

విశాఖలో ఎవరికైనా ఒంటి మీద దద్దులు లేస్తే ఇంట్లో మొదట అడిగే మాట రొయ్యలు తిన్నావా అని, తర్వాత వంకాయ, గోంగూర మీదకి పోతుంది, ఆ తర్వాత ఒంట్లో వేడి చేసిందని మజ్జిగ పట్టిస్తారు. ఇందులో తప్పు పట్టడానికేం లేదు, రొయ్యల అలర్జీ నిజంగానే ఉంది, సముద్రం పక్కన ఉక్కపోతకి చెమటకాయలు, తామర కూడా ఏడాదిలో చాలా నెలలు ఉండేవే. కానీ ఎమ్మెస్‌కి మందు వాడుతున్న మనిషి విషయంలో ఈ వరస ప్రమాదకరం. ఎందుకంటే సందేహించాల్సిన మొదటి పేరు వాడుతున్న మందుదే, అది మాత్రం ఆ వరసలో చివర్న ఉంటుంది, ఒక్కోసారి అసలు ఉండదు.

దానికి కారణం కూడా ఉంది. ఆటోఇమ్యూన్ రకం చర్మ సమస్య మందు మొదలెట్టిన వారానికో రెండు వారాలకో రాదు. నెలల తర్వాత, కొన్ని మందులకైతే రెండు మూడేళ్ళ తర్వాత వస్తుంది. ఇంతకాలం బాగానే పడిన మందు ఇప్పుడెందుకు పడదు అన్నది ఎవరికైనా వచ్చే ఆలోచనే. అలర్జీ విషయంలో ఆ ఆలోచన చాలావరకు సరిపోతుంది, ఆటోఇమ్యూన్ సమస్య దగ్గర మాత్రం పనికిరాదు.

ఇమ్యూనిటీని అణిచే మందు ఇమ్యూన్ జబ్బుని ఎలా తెస్తుంది

చాలామందిని తికమక పెట్టే ప్రశ్న ఇది. ఎమ్మెస్ అంటేనే ఒంట్లోని రక్షణ కణాలు పొరపాటున మెదడు, వెన్నుపాములో నరాల మీదుండే మైలిన్ పొరని కొరికెయ్యడం. ఆ కణాల్ని కట్టడి చేసే మందు వాడుతుంటే సోరియాసిస్ లాంటి ఇంకో ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నా తగ్గాలి గానీ కొత్తగా రావడమేంటి?

రక్షణ వ్యవస్థని ఒకే బటన్‌తో పెంచీ తగ్గించే వస్తువులా ఊహించుకుంటే దీనికి జవాబు దొరకదు. అందులో దాడి చేసే కణాలుంటాయి, దాడిని ఆపే కణాలుంటాయి, ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనాలుంటాయి. మందు వీటిలో ఏదో ఒక భాగాన్నే పట్టుకుంటుంది. ఆ భాగం మెదడు దగ్గర చేసే పని ఒకటి, చర్మం దగ్గర చేసే పని ఇంకోటి కావచ్చు. మెదడుకి మేలు చేసిన మార్పే చర్మం దగ్గర కీడు చెయ్యొచ్చు. మందుల వారీగా చూస్తే ఇది ఎలా జరుగుతుందో తెలుస్తుంది.

ఇంటర్‌ఫెరాన్: ఇక్కడ మందు, అక్కడ విలన్

ఎమ్మెస్‌కి అమెరికాలో 1993లో మొదటగా అనుమతి వచ్చిన ఇంజక్షన్ మందు ఇంటర్‌ఫెరాన్ బీటా. ఇది బయటి పదార్థం కూడా కాదు, వైరస్ లోపలికి వస్తే మన ఒళ్ళే తయారు చేసుకునే టైప్ 1 ఇంటర్‌ఫెరాన్ కుటుంబంలోది. ఎమ్మెస్‌లో ఇది మంటపుట్టించే కణాలు రక్తంలోంచి మెదడులోకి దాటకుండా తగ్గిస్తుంది, రిలాప్స్‌లు, అంటే జబ్బు తిరగబెట్టడాలు, తగ్గుతాయి.

లూపస్ దగ్గర కథ తిరగబడుతుంది. చాలామంది లూపస్ పేషంట్ల రక్తంలో ఇంటర్‌ఫెరాన్ ఆన్ చేసే జీన్లు ఎప్పుడూ పనిచేస్తూనే కనపడతాయి. జబ్బుని నడిపించే వాటిలో అదొకటని తెలిశాకే ఆ రిసెప్టర్‌ని మూసేసే అనిఫ్రోలుమాబ్ అనే మందు వచ్చింది, దానికి 2021లో అమెరికాలో అనుమతి దొరికింది. అంటే ఒక జబ్బులో సూదితో ఎక్కిస్తున్నదాన్నే ఇంకో జబ్బులో సూదితో అడ్డుకుంటున్నారు. సోరియాసిస్‌లో కూడా మొదటి నిప్పు పెట్టేవాటిలో టైప్ 1 ఇంటర్‌ఫెరాన్ ఒకటి, చర్మంలోని డెండ్రిటిక్ అనే రక్షణ కణాలు దాన్ని వదిలితే అక్కణ్ణుంచి టీ కణాలనే తెల్ల రక్తకణాలు రెచ్చిపోతాయి. కాబట్టి ఇంటర్‌ఫెరాన్ బీటా వాడేవాళ్ళలో కొందరికి పాత సోరియాసిస్ రేగడం, కొందరికి కొత్తగా రావడం, అరుదుగా లూపస్ తరహా ర్యాష్ రావడం మెడికల్ జర్నల్స్‌లో రిపోర్ట్ అవుతూనే ఉన్నాయి.

దగ్గరగా చూస్తే ఒక తేడా పట్టుకోవచ్చు. మామూలు ఇంజక్షన్ రియాక్షన్ అయితే సూది పడిన చోట ఎర్రగా, కాస్త వేడిగా, నొక్కితే నొప్పిగా ఉండి కొన్ని రోజుల్లో మాసిపోతుంది. ఇది ఇంటర్‌ఫెరాన్ వాడేవాళ్ళలో ఎక్కువమంది చూసేదే, ఆటోఇమ్యూన్ కాదు. సోరియాసిస్ అయితే అంచు గీత గీసినట్టు తెలుస్తుంది, మందంగా ఉంటుంది, పైన వెండి రంగు పొట్టు, ఆ పొట్టు గోటితో తీస్తే కింద సూదిమొనంత రక్తపు చుక్కలు. ఇది సూది పడిన చోటే మొదలవ్వొచ్చు కూడా, చర్మానికి దెబ్బ తగిలిన చోట సోరియాసిస్ లేవడం డాక్టర్లకి తెలిసిన సంగతే, దాన్ని కోబ్నర్ లక్షణం అంటారు. అందుకే సూది మచ్చ కదా అని వదిలేసినది నెల దాటినా పోకుండా, మోచేతికో తలలోకో పాకితే అది సూది మచ్చ కాదనే అనుకోవాలి.

గ్లాటిరమెర్ అనే ఇంకో ఇంజక్షన్‌ది వేరే దారి. హైదరాబాద్‌లోని నాట్కో దీని జెనరిక్ తయారు చేస్తుంది. దీంతో సూది పడిన చోట చర్మం కింద కొవ్వు కరిగిపోయి గుంట పడుతుంది, ఆ గుంట మళ్ళీ పూడకపోవచ్చు. రోజూ 20 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్ళలో సుమారు 16 శాతం మందికి ఎప్పుడో ఒకసారి సూది వేసిన వెంటనే ఒళ్ళంతా వేడెక్కడం, గుండె దడ, గుండెల్లో బిగుతు వచ్చి కాసేపటికి సర్దుకోవడం జరిగింది. అది చాలావరకు ప్రమాదం లేనిదే గానీ, అరుదుగా ప్రాణం మీదకి తెచ్చే అనాఫిలాక్సిస్ కూడా దీంతో వస్తుందని, అది మందు మొదలెట్టిన ఏళ్ళ తర్వాత కూడా రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 జనవరిలో గట్టి హెచ్చరిక పెట్టింది. ఇవేవీ ఆటోఇమ్యూన్ చర్మ జబ్బులు కావు.

అలెంటుజుమాబ్: కణాలు తిరిగొచ్చే వరసలోనే తిరకాసు

ఈ మందు వాడేది తక్కువమందికే, 2019 నుంచి యూరప్‌లో దీని మీద ఆంక్షలు కూడా పెరిగాయి. అయినా ఎమ్మెస్ మందు వల్ల కొత్త ఆటోఇమ్యూన్ జబ్బు ఎలా పుడుతుందో అర్థం కావాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మొదటి ఏడాది ఐదు రోజులు, రెండో ఏడాది మూడు రోజులు సెలైన్‌లో ఎక్కిస్తారు. సీడీ52 అనే గుర్తున్న టీ కణాలు, యాంటీబాడీలకి మూలమైన బీ కణాలు రెండిటినీ రక్తంలోంచి దాదాపు తుడిచేస్తుంది. ఎమ్మెస్ ఆగుతుంది, సమస్యల్లా అవి తిరిగొచ్చేటప్పుడే. బీ కణాలు కొన్ని నెలల్లోనే వచ్చేసి ముందున్నదాని కంటే ఎక్కువైపోతాయి. వాటిని అదుపులో పెట్టాల్సిన టీ కణాలు కోలుకోవడానికి ఏడాది పైనే పడుతుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫానుకి విశాఖలో చెట్లు కూలిపోయిన జాగాల్లో ముందు ఎగబాకింది పిచ్చిమొక్కలే, నీడనిచ్చే చెట్టు రావడానికి ఏళ్ళు పట్టింది. ఖాళీ అయిన రక్షణ వ్యవస్థలో కూడా త్వరగా పెరిగేవి జాగా ఆక్రమిస్తాయి, వాటిలో సొంత ఒంటినే శత్రువనుకునే కణాలుంటే అదుపు చేసేవాళ్ళు ఆ సమయానికి ఉండరు.

ఫలితం అంకెల్లోనే కనపడుతుంది. ఈ మందు తీసుకున్నవాళ్ళలో మూడో వంతు పైగా మందికి థైరాయిడ్ ఆటోఇమ్యూన్ సమస్య వచ్చింది, సుమారు 2 శాతం మందికి ప్లేట్‌లెట్లు పడిపోయే ఐటీపీ వచ్చింది. చర్మం వైపు బొల్లి, జుట్టు గుండ్రంగా ఊడే పేనుకొరుకుడు రిపోర్ట్ అయ్యాయి. బొల్లిలో రంగునిచ్చే కణాల్ని చంపేది ముఖ్యంగా టీ కణాలే, కాబట్టి తప్పంతా బీ కణాలదే అని కూడా అనలేం, తిరిగొచ్చిన కొద్దిపాటి టీ కణాల్లోనూ గాడి తప్పినవి ఉంటాయి. థైరాయిడ్ సమస్యలు ఎక్కువగా మూడో ఏడాది దగ్గర బయటపడతాయి, అందుకే చివరి డోసు తర్వాత కూడా నాలుగేళ్ళ పాటు ప్రతి నెలా రక్తం, మూత్రం పరీక్షలు చెయ్యాలని నియమం. మందు అయిపోయింది కదా అని పరీక్షలు మానేసేవాళ్ళకి అసలు ముప్పు అప్పుడే ముందుంటుంది.

రిటుక్సిమాబ్, ఒక్రెలిజుమాబ్: చర్మాన్ని కాపాడేదీ ఇదే, పాడు చేసేదీ ఇదే

మన దగ్గర ఎమ్మెస్ పేషంట్లకి ఎక్కువ సంబంధమున్నది ఈ కుటుంబమే. ఒక్రెలిజుమాబ్‌కి 2017లో అమెరికాలో ఎమ్మెస్ కోసం అనుమతి వచ్చింది కానీ ఖరీదు చాలా ఎక్కువ. దానిలాగే బీ కణాల మీదుండే సీడీ20 అనే గుర్తుని పట్టుకునే రిటుక్సిమాబ్‌ని క్యాన్సర్ కోసం తయారు చేసినా ఎమ్మెస్‌కి కూడా డాక్టర్లు వాడుతున్నారు, స్వీడన్‌లో ఇది పెద్ద ఎత్తున నడుస్తుంది, ఇండియాలో డాక్టర్ రెడ్డీస్ 2007లోనే దీని బయోసిమిలర్ (అదే తరహాలో ఇంకో కంపెనీ చేసే మందు) తేవడంతో మన మధ్యతరగతికి కాస్త అందుబాటులోకి వచ్చింది.

రిటుక్సిమాబ్ చర్మానికి శత్రువు అనడానికి లేదు. ఒళ్ళంతా పొక్కులు లేచే పెమ్ఫిగస్ అనే తీవ్రమైన ఆటోఇమ్యూన్ చర్మ జబ్బుకి 2018లో దీనికి అమెరికాలో అనుమతి ఇచ్చారు. పెమ్ఫిగస్‌లో చర్మాన్ని విడదీసేవి యాంటీబాడీలు, వాటి పుట్టుక బీ కణాల దగ్గర, బీ కణాలు పోతే జబ్బు తగ్గుతుంది. లెక్క సరిపోయింది. సోరియాసిస్ లెక్క అలా ఉండదు, అక్కడ నడిపించేవి టీ కణాలు, ఐఎల్-17 అనే రసాయనం. బీ కణాల్లో కొన్ని ఐఎల్-10 అనే శాంతపరిచే రసాయనాన్ని వదులుతూ ఈ టీ కణాల్ని లాగి పట్టుకుంటాయి. సీడీ20 మందు మంచి బీ కణం, చెడ్డ బీ కణం అని చూడదు. అన్నీ పోతే పట్టుకునే చెయ్యి కూడా పోతుంది. ఈ మందులు వాడుతున్న కొందరికి కొత్తగా సోరియాసిస్ రావడానికి, అరచేతుల్లో అరికాళ్ళలో చీముపొక్కులు లేవడానికి ఎక్కువమంది నిపుణులు చెప్పే వివరణ ఇదే. ఒకే మందు యాంటీబాడీ జబ్బుకి వైద్యం, టీ కణాల జబ్బుకి రాజెయ్యడం అన్నమాట.

ఇక్కడ ఇంకో జాగ్రత్త. సెలైన్ ఎక్కుతుండగా లేదా 24 గంటల్లోపు వచ్చే దురద, దద్దులు, గొంతు గరగర ఇన్ఫ్యూజన్ రియాక్షన్ లెక్కలోకి వస్తాయి, అవి చాలా ఎక్కువమందిలో కనపడతాయి, స్పీడు తగ్గిస్తే, ముందుగా ఇచ్చే మందులు సరిగా ఇస్తే సర్దుకుంటాయి. రెండిటినీ కలిపి నాకు ఈ మందు పడదు అని ఫైల్‌లో రాయించుకుంటే తర్వాత మంచి మందొకటి చేజారుతుంది.

ఒక మందు మార్కెట్లోంచే పోయింది

డాక్లిజుమాబ్ అనే ఎమ్మెస్ మందు 2016లో వచ్చింది, 2018లో కంపెనీలే వెనక్కి తీసుకున్నాయి. వెనక్కి తీసుకోడానికి ముఖ్య కారణం మెదడు వాపు, లివర్ దెబ్బతినడం. కానీ దాని పెద్ద ట్రయల్‌లోనే 37 శాతం మందికి ర్యాష్, ఎగ్జిమా లాంటి చర్మ సమస్యలు వచ్చాయి, పోల్చి చూసిన ఇంటర్‌ఫెరాన్ వైపు 19 శాతం. దాడిని ఆపే రెగ్యులేటరీ టీ కణాలు బతకడానికి వాడుకునే సీడీ25 అనే ద్వారాన్నే ఆ మందు మూసేది. బ్రేకు ఉన్నచోట చెయ్యి పెడితే ఏమవుతుందో చర్మం ముందే చెప్పింది.

చూడ్డానికి భయపెట్టేవి, ఆటోఇమ్యూన్ కానివి

డైమిథైల్ ఫ్యూమరేట్ అనే ఎమ్మెస్ మాత్ర వేసుకున్న అరగంటకి ముఖం, మెడ ఎర్రబడి మంటెత్తడం సుమారు 40 శాతం మందిలో ఉంటుంది. ఇది చర్మంలోని కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు వదలడం వల్ల రక్తనాళాలు ఉబ్బడమే, అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది. పైగా ఫ్యూమరేట్లని జర్మనీలో 1994 నుంచి సోరియాసిస్‌కే మందుగా వాడుతున్నారు. ముందే సోరియాసిస్ ఉన్న ఎమ్మెస్ పేషంట్‌కి ఏ మందు ఎంచాలి అన్నప్పుడు ఈ సంగతి పనికొస్తుంది.

టెరిఫ్లూనోమైడ్ అనే ఇంకో ఎమ్మెస్ మాత్రతో జుట్టు పలచబడుతుంది, అది తలంతా సమానంగా పలచబడటం, పేనుకొరుకుడులా రూపాయి బిళ్ళంత నున్నటి గుండ్రాలు కాదు. అరుదుగా మాత్రం ఈ మందుతో చర్మం ఊడిపోయే తీవ్రమైన రియాక్షన్ వస్తుంది, మందు కొందరి ఒంట్లో రెండేళ్ళ దాకా మిగిలిపోతుంది కాబట్టి అప్పుడు మాత్ర మానేస్తే సరిపోదు, కొలెస్టిరమైన్ లాంటివి ఇచ్చి 11 రోజుల్లో బయటికి లాగాలి.

మన చర్మం మీద గుర్తుపట్టడం

పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో కనపడే ఫోటోలు ఎక్కువగా తెల్లవాళ్ళ చర్మానివి. చామనఛాయ చర్మం మీద ఎరుపు ఎరుపులా ఉండదు, ముదురు గోధుమ, వంగపండు రంగులో ఉంటుంది. బుగ్గల మీద లూపస్ ర్యాష్‌ని మంగు అనుకోవడం చాలా తేలిక. మంగు దురద పెట్టదు, పొట్టు రాలదు, లూపస్ ర్యాష్ ఎండలోకి వెళ్ళొస్తే రేగుతుంది.

తెల్ల మచ్చ అయితే భయం ఇంకో వైపు పోతుంది, కుష్టేమో అని. పాలిపోయిన మచ్చ మీద స్పర్శ ఉందా లేదా చూడటం పాత పద్ధతి, బొల్లిలో స్పర్శ మామూలుగా ఉంటుంది. కానీ ఎమ్మెస్ వల్ల ముందే చెయ్యి తిమ్మిరెక్కి ఉన్న మనిషికి ఆ చేతి మీద మచ్చ వస్తే ఈ పరీక్ష పక్కదారి పట్టిస్తుంది. ఎమ్మెస్ సంగతి స్కిన్ డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పాలనేది ఇందుకే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది మెడికల్ షాపులో పేరు చెప్పి కొనుక్కునే ట్యూబు. స్టెరాయిడ్, యాంటీ ఫంగల్, యాంటీబయాటిక్ కలిపిన క్రీములు ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్ముడవుతూనే ఉన్నాయి, 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలోకి తెచ్చినా. తామర మీద రాస్తే దురద ఆగుతుంది, ఫంగస్ లోపల పాకుతుంది, అంచు చెరిగిపోయి ఏ జబ్బో పోల్చుకోలేని రూపానికి వస్తుంది. సోరియాసిస్ మీద రాస్తే తగ్గినట్టే తగ్గి ఆపగానే ఇంకా ఎక్కువగా లేస్తుంది. ఇమ్యూన్ మందులు వాడేవాళ్ళకి ఫంగస్ అసలే త్వరగా వస్తుంది కాబట్టి ఏది ఫంగస్, ఏది సోరియాసిస్ అన్నది తేలాలంటే చర్మం గీకి చూసే చిన్న పరీక్ష, అవసరమైతే బయాప్సీ కావాలి, వాటికి ముందు ఆ ట్యూబు రాసి ఉండకూడదు. ఎమ్మెస్ రిలాప్స్‌కి ఇచ్చే మిథైల్ ప్రెడ్నిసొలోన్ సెలైన్లు కూడా ఇలాగే మోసం చేస్తాయి, ఆ మూడు నుంచి ఐదు రోజుల్లో ర్యాష్ మాయమై తర్వాత తిరిగొస్తుంది. అదొక ఆనవాలు, డాక్టర్‌కి చెప్పాల్సిన ఆనవాలు.

మందు ఆపాలా

చాలాసార్లు అక్కర్లేదు. ఒంటి మీద కొద్ది భాగంలో సోరియాసిస్ అయితే పైపూత మందులు, లైట్ థెరపీతో నెట్టుకొస్తూ ఎమ్మెస్ మందు కొనసాగిస్తారు. ఎక్కువైతే వేరే రకం మందుకి మారుస్తారు. కానీ ఆ మార్పుకి ఒక పద్ధతి ఉంది. ఫింగోలిమాడ్ అనే ఎమ్మెస్ మాత్ర మానేసిన కొందరికి ఎమ్మెస్ ముందెప్పుడూ లేనంతగా తిరగబడుతుందని ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది, నటాలిజుమాబ్ అనే ఇంకో ఎమ్మెస్ మందుతోనూ ఇదే ముప్పు. చర్మం మీద మచ్చ కోసం మాత్ర ఆపి చక్రాల కుర్చీ దాకా తెచ్చుకోవడం ఎవరికీ జరక్కూడదు. రిటుక్సిమాబ్ విషయంలో ఆపినా వెంటనే ఒరిగేదేం లేదు, దాని పని నెలల తరబడి నడుస్తూనే ఉంటుంది.

రెండో వైపు ప్రమాదం స్కిన్ డాక్టర్ గదిలో ఉంది. సోరియాసిస్ ముదిరితే వాడే అడాలిముమాబ్, ఎటనర్‌సెప్ట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి టీఎన్ఎఫ్ బ్లాకర్లు, అంటే టీఎన్ఎఫ్ అనే మంటపుట్టించే రసాయనాన్ని ఆపే మందులు, ఎమ్మెస్ ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. 1990ల్లో లెనర్‌సెప్ట్ అనే టీఎన్ఎఫ్ బ్లాకర్‌ని ఎమ్మెస్‌కే మందుగా ప్రయత్నిస్తే రిలాప్స్‌లు తగ్గకపోగా పెరిగాయి. ఐఎల్-17ని ఆపే సెక్యుకినుమాబ్ అలా కాదు, ఎమ్మెస్‌లో చేసిన చిన్న ట్రయల్‌లో మెదడులో కొత్త మచ్చలు తగ్గాయి. సోరియాసిస్‌కి మందు ఎంచే ముందు పేషంట్‌కి ఎమ్మెస్ ఉందని తెలియకపోతే జరిగే నష్టం చిన్నది కాదు.

విశాఖలో ఇది మాటల్లో చెప్పినంత సులువు కాదు. శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు నుంచి, ఒడిశా వైపు కోరాపుట్ నుంచి కూడా కేజీహెచ్‌కో ఆరిలోవ హెల్త్ సిటీ ఆస్పత్రులకో వచ్చేవాళ్ళు న్యూరో ఓపీ చూపించుకునేసరికే రోజు అయిపోతుంది, స్కిన్ ఓపీకి ఇంకో రోజు రావాలి, కాళ్ళు పట్టు లేని మనిషికి ఇంకో ప్రయాణమంటే ఇంకో మనిషి కూలి పోవడం. ఈ ఇద్దరు డాక్టర్లు ఒకరి రాత ఒకరు చూసేలా ఒకే ఫైల్ పట్టుకెళ్ళడం, మచ్చ మొదలైన రోజే పగటి వెలుతురులో ఫోన్‌తో ఫోటో తీసి ఉంచడం ఖర్చు లేని పనులు, డాక్టర్‌కి మాత్రం బాగా అక్కరకొస్తాయి. ఓపీ రోజుకి మచ్చ రూపం మారిపోతుంది, ఫోటో మారదు.

ఓపీ కోసం ఆగకూడనివి

నోట్లో, కళ్ళలో, మూత్రం పోసే చోట పుళ్ళతో పాటు జ్వరం, చర్మం కందిపోయి పొరలుగా లేవడం. ముఖం వాచి ఊపిరి అందకపోవడం. ఇంకోటి, కాళ్ళ మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు, దురద ఉండదు, గాజు గ్లాసు గట్టిగా ఆనించి చూస్తే కూడా రంగు మాయం కాదు. దోమలు కుట్టాయనుకునే ఈ చుక్కలు చర్మం కింద రక్తం చిమ్మినవి, ప్లేట్‌లెట్లు పడిపోయాయని గుర్తు కావచ్చు. డెంగీ సీజన్లో ప్లేట్‌లెట్లంటే అందరికీ డెంగీయే గుర్తొస్తుంది, అలెంటుజుమాబ్ తీసుకున్న మనిషికి మాత్రం జ్వరం లేకుండా ఇవి కనపడితే ఐటీపీ అని అనుమానించి అదే రోజు రక్తపరీక్ష చేయించాలి.

రిపోర్ట్ ఎక్కడికి పోతుంది

సోరియాసిస్ ఎమ్మెస్ లేనివాళ్ళకి కూడా వస్తుంది, ఒక ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవాళ్ళకి ఇంకోటి రావడమూ ఉన్నదే. కాబట్టి ఒక్క మనిషిలో మందే చేసిందని తేల్చడం కష్టం, చాలామంది రిపోర్టులు ఒకచోట చేరితేనే తేలుతుంది. దానికోసమే మందుల దుష్ప్రభావాల రిపోర్టులు పోగుచేసే, 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఉంది, చాలా మెడికల్ కాలేజీల్లో దాని సెంటర్లున్నాయి, డాక్టర్లే కాదు పేషంట్లు కూడా 1800-180-3024 టోల్ ఫ్రీ నంబర్‌కి ఫోన్ చేసి చెప్పొచ్చు. రిటుక్సిమాబ్ లాంటి మందుకి ఇప్పుడు ఇండియాలో చాలా కంపెనీల బ్రాండ్లున్నాయి, ఒక్కోసారి స్టాకుని బట్టి ఒక డోసుకీ ఇంకో డోసుకీ బ్రాండ్ మారిపోతుంది. రిపోర్ట్ ఫారంలో మందు పేరుతో పాటు కంపెనీ, బ్యాచ్ నంబర్ కూడా అడుగుతారు, అవి ఉండేది అట్టపెట్టె మీదే, సెలైన్ ఎక్కించాక నర్సు చెత్తబుట్టలో వెయ్యబోయే ఆ అట్టపెట్టెని అడిగి తీసుకుని, తారీఖు రాసి ఫైల్‌లో పెట్టుకోవాలి.